పాపకు చరిత్రలోంచి పేరు పెడుతున్నారా?

ముందు ఆ పేరులో ఏది వాడుకోవచ్చో తేల్చుకోండి. పాత పేర్ల చివర అమ్మ, అక్క, అంబ ఉంటాయి. వాటిని తీసేస్తే పేరు చిన్నదవుతుంది గానీ ఒక్కోసారి మగపేరైపోతుంది. కాకతీయ గణపతిదేవుని కూతురు గణపాంబ పేరులోంచి ‘అంబ’ తీస్తే మిగిలేది గణప! రుద్రమదేవిని ‘రుద్రమ’ అని ఆపితే చక్కగా ఉంటుంది, ‘రుద్ర’ దాకా కత్తిరిస్తే మగపిల్లల పేరే. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ మీద గౌరవంతో పెట్టేవాళ్లు ‘వెంగమ’ అనుకోవచ్చు. మధురా విజయం అనే సంస్కృత కావ్యం రాసిన గంగాదేవి పేరుకైతే మార్పే అక్కర్లేదు.

తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, తెలుగు రానివాళ్లతో చదివించండి. రామాయణం రాసిన మొల్ల పేరు ఇక్కడే చిక్కుతుంది: ఎక్కువమంది ‘మోలా’ అనో ‘ముల్లా’ అనో చదువుతారు. అంత ఇష్టమైతే ఇంట్లో మొల్ల అని పిలుచుకుని, రికార్డుల్లో వేరే పేరు పెట్టడం మేలు.

ఇంటిపేరుతో కలిపి పదిసార్లు గట్టిగా పిలిచి చూడండి. ఇంటిపేరు ‘గ’తో ముగిసి, పేరు గంగతో మొదలైతే నాలుక తడబడుతుంది.

తొందర మాత్రం వద్దు. జననాన్ని 21 రోజుల్లో పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఒకసారి ఎక్కించాక స్పెల్లింగ్ మార్పించడమే పెద్ద తలనొప్పి, కాబట్టి ఆధార్‌కూ అదే స్పెల్లింగ్ ఇవ్వండి.