ఆంక్షల వార్త వెనుక అసలు ఎత్తు ఏమిటో పట్టుకోవడం ఎలా?

ఒక దేశం సుంకాలు పెంచింది, ఇంకో దేశం ఏదో ఖనిజం ఎగుమతి ఆపేసింది, మూడో దేశం ఎవరిదో బ్యాంకును నిషేధించింది. ఇలాంటి వార్త రోజుకు ఒకటైనా కనబడుతుంది. ‘వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారులే’ అని పేజీ తిప్పేస్తాం. నేనూ చాలాకాలం అంతే. శాతం పెద్దదైతే దెబ్బ పెద్దదనుకునేవాణ్ణి. అంకెకూ దెబ్బకూ అంత సంబంధం లేదని తర్వాత తర్వాత అర్థమైంది. ఇప్పుడు అలాంటి వార్త వస్తే కాగితం తీసి, ఆరు గళ్లు గీసి, ఒక వరుసలో నింపుకుంటూ పోతాను. దీనికి ఆర్థికశాస్త్రం చదివి ఉండక్కర్లేదు.

1. చెప్పిన కారణం ఒక పక్క, తేదీలు ఇంకో పక్క రాయండి

సర్కారు ఉత్తర్వులో ‘మాకు కోపం వచ్చింది’ అని ఎవరూ రాయరు. చవకగా కుమ్మరిస్తున్నారనో, సరుకులో పురుగులున్నాయనో, నాణ్యత లేదనో రాస్తారు. అందుకని అంతకుముందు కొన్ని వారాల్లో ఏం జరిగిందో చూడాలి.

2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఎక్కడ పుట్టిందో స్వతంత్ర విచారణ జరపాలని ఆస్ట్రేలియా అడిగింది. మే నెలలో ఆస్ట్రేలియా బార్లీ మీద చైనా 80.5 శాతం సుంకం వేసింది. కాగితం మీద కారణం డంపింగ్ (అంటే చవకగా కుమ్మరించడం), సబ్సిడీలు. ఆ దర్యాప్తు 2018లోనే మొదలైంది, కాబట్టి అది పూర్తిగా సాకు అనడానికి లేదు. కానీ పాత ఫైలు ఏ రోజున బయటికొచ్చిందో చూస్తే కథ తెలుస్తుంది. ఆ తర్వాత వైన్ మీద సుంకం 200 శాతం దాటింది. బొగ్గు విషయంలో అయితే బహిరంగంగా ఉత్తర్వే లేదు. సరుకుతో వెళ్లిన ఓడలు చైనా రేవుల బయట నెలల తరబడి ఆగిపోయాయి. బతికున్న లాబ్‌స్టర్లను కస్టమ్స్ తనిఖీల పేరుతో ఆపారు. బతికున్న సరుకును ఆపడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కదా. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

ఒక జాగ్రత్త. తేదీలు కలిసినంత మాత్రాన రుజువైపోదు. అనుమానంగా రాసుకుని ముందుకు వెళ్లండి.

2. ఏది వదిలేశారో వెతకండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి ఇది. కొట్టినదానికంటే కొట్టకుండా వదిలినది ఎక్కువ చెబుతుంది. బార్లీ, వైన్, బొగ్గు, గొడ్డుమాంసం, కలప, ఇలా ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయిన చైనా ఆస్ట్రేలియా ఇనుప ఖనిజం జోలికి మాత్రం పోలేదు. అప్పట్లో చైనా కొనే ఇనుప ఖనిజంలో 60 శాతం దాకా అక్కడి నుంచే వచ్చేది. అది ఆపితే ఆరిపోయేది తన ఉక్కు కొలిమిలే.

2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక యూరప్ కొన్ని రష్యా బ్యాంకులను, బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్ నుంచి తీసేసింది. గ్యాస్ డబ్బులు వెళ్లే గాజ్‌ప్రోమ్‌బ్యాంకును మాత్రం ఉంచింది. గ్యాస్ కావాలి, డబ్బు కట్టడానికి ఓ కిటికీ తెరిచి ఉండాలి. మినహాయింపుల జాబితా అంటే, ఆంక్ష పెట్టినవాడికి ఎక్కడ నొప్పి పుడుతుందో అతనే రాసిచ్చిన చీటీ.

3. ఏ కీలు మీద వాత పెట్టారో గుర్తించండి

కీలెరిగి వాత పెట్టాలంటారు. దేశాలు పట్టుకునే కీళ్లు నాలుగు: మార్కెట్, సరుకు లేదా సాంకేతికత, డబ్బు, రవాణా. మార్కెట్ అంటే ‘నీ సరుకు కొనను’. ఇది అందరికీ తెలిసిందే. మిగతావి కాస్త దగ్గరగా చూడాలి.

డబ్బు సంగతి. రెండు దేశాల వ్యాపారులు డాలర్లలో లావాదేవీ చేసుకున్నారనుకోండి. ఇద్దరిలో ఒక్కరూ అమెరికన్ కాదు, సరుకు అమెరికా గడప తొక్కలేదు. అయినా మామూలుగా ఆ ఇద్దరి బ్యాంకులకూ అమెరికాలోని ఏదో బ్యాంకులో ఖాతాలుంటాయి. డాలర్లు ఒక ఖాతాలోంచి తీసి ఇంకో ఖాతాలో వేసేది అక్కడి పుస్తకాల్లోనే. ఆ ఒక్క క్షణం చాలు, అమెరికా చట్టం పట్టుకోవడానికి. సూడాన్, ఇరాన్, క్యూబాలకు సంబంధించిన లావాదేవీలు నడిపినందుకు ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబా 2014లో దాదాపు 890 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అన్నట్టు, స్విఫ్ట్ డబ్బు పంపదు. డబ్బు గురించిన సందేశాలు పంపుతుంది, అంతే. టీవీ చర్చల్లో ఈ రెండూ రోజూ కలగాపులగమే.

నిల్వల స్తంభన ఇంకా గట్టి దెబ్బ. రష్యా ముందుచూపుతో 63,000 కోట్ల డాలర్ల దాకా విదేశీ మారక నిల్వలు కూడబెట్టుకుంది. 2022 ఫిబ్రవరి చివర్లో అందులో దాదాపు సగం కదలకుండా ఆగిపోయింది. కారణం, ఆ సొమ్ము ఉన్నది ఇతరుల పుస్తకాల్లో. ఎక్కువ భాగం బెల్జియంలో బాండ్లు, వాటాలు భద్రపరిచే యూరోక్లియర్ సంస్థ దగ్గర. ఉందని చూసుకోవచ్చు, తీసుకోలేరు.

రవాణాకు మంచి ఉదాహరణ చమురు ధర పరిమితి. 2022 డిసెంబరు 5 నుంచి జీ7 దేశాలు, ఐరోపా సమాఖ్య, ఆస్ట్రేలియా కలిసి రష్యా ముడిచమురుకు బ్యారెల్‌కు 60 డాలర్ల గీత గీశాయి. సముద్రంలో యుద్ధనౌకలేమీ నిలబెట్టలేదు. ఓ కాగితాన్ని పట్టుకున్నాయి. చమురు ఒలికితే నష్టం ఎవరు కడతారో చెప్పే బీమా పత్రం లేకపోతే పేరున్న రేవు ఏదీ ట్యాంకరును రానివ్వదు. ప్రపంచ ఓడల్లో అత్యధిక శాతానికి ఆ బీమా ఇచ్చేది కొన్ని బీమా క్లబ్బులు. వాటిలో చాలావరకు ఈ దేశాల్లోనే ఉన్నాయి. ఆ గీత దాటి అమ్మిన చమురును మోసే ఓడకు ఈ దేశాల నుంచి బీమా లేదు, అప్పు లేదు, దళారీ సేవ లేదు. రష్యా ఏం చేసింది? పాతబడిన ట్యాంకర్లు పోగయ్యాయి, జెండాలు మారాయి, యజమాని ఎవరో తెలియని కంపెనీలు పుట్టాయి. దాన్నే ఇప్పుడు నీడ నౌకాదళం అంటున్నారు.

ఇచ్చి పట్టుకోవడం కూడా ఉంది. 1948లో మొదలైన మార్షల్ ప్లాన్ కింద అమెరికా పశ్చిమ యూరప్‌లో దాదాపు 1,300 కోట్ల డాలర్లు పెట్టింది. దానం మాట నిజమే, కమ్యూనిజం అటు పాకకుండా చూడటమూ నిజమే.

4. ఇంకో దారి దొరకడానికి ఎంతకాలం పడుతుందో లెక్క వేయండి

శాతాలకంటే ఈ గడి ముఖ్యం. బార్లీ ఎక్కడైనా బార్లీయే. ఆస్ట్రేలియా రైతుల పంట సౌదీ అరేబియా వంటి దేశాల వైపు మళ్లింది, కాస్త తక్కువ ధరకైనా అమ్ముడుపోయింది. ఒకే మార్కెట్‌ను నమ్ముకుని పెంచుకున్న వైన్ వ్యాపారానికి అంత తేలిగ్గా దారి దొరకలేదు. సుంకాల్లో తేడా ఉంది సరే, తగిలిన దెబ్బలోని తేడా మాత్రం సుంకాల వల్ల వచ్చింది కాదు.

ఇక అత్యాధునిక చిప్‌ల మీద గీతలు ముద్రించే ఈయూవీ యంత్రం. ప్రపంచంలో దాన్ని తయారుచేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే. దాని వెనుక దశాబ్దాల పని ఉంది. ఆ యంత్రాలు చైనాకు వెళ్లకుండా ఆపడం, 2022 అక్టోబరు 7న చైనాకు వెళ్లే చిప్‌ల మీద అమెరికా పెట్టిన ఆంక్షలు అంత చర్చకు రావడం ఇందుకే.

బలమైన అయస్కాంతాల్లాంటివాటికి వాడే రేర్ ఎర్త్ ఖనిజాల కథ మధ్యస్థం, అందుకే రంజుగా ఉంటుంది. 2010 సెప్టెంబరులో జపాన్ ఆధీనంలోని, చైనా తనవంటున్న దీవుల దగ్గర చైనా చేపల పడవ ఒకటి జపాన్ గస్తీ నౌకలను ఢీకొట్టింది. కెప్టెన్‌ను జపాన్ అరెస్టు చేసింది. తర్వాత జపాన్‌కు రేర్ ఎర్త్‌లు రావడం ఆగింది. జపాన్ కెప్టెన్‌ను వదిలేసింది గానీ పాఠం వదల్లేదు. వాడకం తగ్గించింది, పాత సామాన్ల నుంచి తీయడం నేర్చింది, రేర్ ఎర్త్‌లు తవ్వే ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌లో డబ్బు పెట్టింది. జపాన్ కొనే రేర్ ఎర్త్‌లలో 90 శాతం దాకా ఉన్న చైనా వాటా పదేళ్లు దాటాక 60 శాతం దరిదాపులకు దిగింది. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్‌లకు లైసెన్సు తప్పనిసరి చేస్తే మళ్లీ కార్ల ఫ్యాక్టరీలకు టెన్షనే. అయస్కాంతాల్లేక కొన్ని చోట్ల పని ఆగింది. గని తవ్వడం ఒక ఎత్తు, తవ్వినదాన్ని విడదీసి శుద్ధి చేయడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనిలో చైనా చేయి ఇంకా పైనే ఉంది.

5. అడిగిందేమిటో, దిగిరావడానికి మెట్టు ఉందో లేదో చూడండి

1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టులో సైన్యాన్ని దించాయి. పౌండు జారిపోతుంటే బ్రిటన్ అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) సాయం కోరింది. ముందు వెనక్కి తగ్గమంది అమెరికా. అడిగింది స్పష్టం, మిత్రదేశం, చేయదగిన పని. ఏడాది ముగిసేలోపే బ్రిటన్ సైన్యం వెళ్లిపోయింది.

1941 జులైలో అదే అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. చమురూ ఆగింది. జపాన్ తన చమురులో సింహభాగం కొనేది అమెరికా నుంచే. పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందంటారు. డిసెంబరులో పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకా స్థావరం మీద జపాన్ దాడి.

కొన్నిటికి కోరికే ఉండదు. చిప్ ఆంక్షల వెనుక ‘ఇది చేస్తే ఎత్తేస్తాం’ అన్న షరతు లేదు. అవతలివాణ్ణి వెనకే ఉంచడమే పని. అలాంటివాటిని ‘చైనా లొంగలేదు కాబట్టి విఫలం’ అంటే లెక్క తప్పినట్టే.

6. ఆరు నెలల తర్వాతి తేదీ వేసుకుని మళ్లీ చూడండి

చాలామంది ఎగ్గొట్టే పని ఇది. ఆంక్షలు పడిన దేశం లెక్కలు దాచేయొచ్చు. దానితో వ్యాపారం చేసే దేశాల కస్టమ్స్ లెక్కలు దొరుకుతాయి. ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్ గణాంకాల్లో అవి వెతకవచ్చు. ముఖ్యంగా చుట్టుపక్కల దేశాలను చూడండి. 2022 తర్వాత యూరప్ నుంచి కిర్గిజ్‌స్తాన్‌కు ఎగుమతులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. అంత చిన్న దేశానికి అన్ని సామాన్లెందుకో, మ్యాపు తెరిచి అక్కడి నుంచి రష్యాకు దారి చూస్తే తెలిసిపోతుంది.

నా కాగితం మీద ఆస్ట్రేలియా వరుస 2020లో మొదలైంది. బార్లీ సుంకం 2023 ఆగస్టులో, వైన్ సుంకం 2024 మార్చిలో ఎత్తేశారు. ఆ తేదీలు చివరి గడిలో రాసి, రెండో గడి మళ్లీ చూసుకున్నాను. ఇనుప ఖనిజం అక్కడే ఉంది, కొట్టివేత లేకుండా.