గుడి మైక్‌సెట్ గొంతు మళ్లీ లేచింది

మా ఊరు అమలాపురం పక్కన. గుడి మైక్‌సెట్‌లో మాట స్పీకర్ పక్కన నిలబడితే తప్ప వినబడటం లేదు. "కార్తీకం వచ్చేస్తోంది బాబూ, కాస్త చూడు" అన్నారు పూజారి గారు.

మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీఆంప్ బోర్డు మీద వరసగా మూడు ట్రాన్సిస్టర్లు. ఫోన్‌లోంచి టోన్ ఇచ్చి సిగ్నల్ వెంట వెళ్లాను. మూడోదాంట్లో లోపలికి ఎంత వెళ్తోందో బయటికీ దాదాపు అంతే. పోయిందనుకుని మార్చాను. తేడా లేదు. ఇంకోటి వేశాను, అదే కథ.

అప్పుడు స్థిమితంగా దాని మూడు కాళ్లు, బేస్, ఎమిటర్, కలెక్టర్, ఎటు వెళ్తున్నాయో చూశాను. సిగ్నల్ బేస్‌లోకి వెళ్లి ఎమిటర్ నుంచి వస్తోంది. కలెక్టర్ నేరుగా 12 వోల్టుల లైనుకే ఉంది. ఫిల్టర్ కెపాసిటర్ వల్ల ఆ లైను సిగ్నల్‌కు గ్రౌండ్ లాంటిదే. అంటే ఇది కామన్ కలెక్టర్. వోల్టేజీ పెంచడం దీని పని కాదు! సిగ్నల్ వెళ్లే కాలు, వచ్చే కాలు పోగా మిగిలిన కాలే ఆ స్టేజీకి, అంటే ఆ ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌కి, పేరు.

రెండో ట్రాన్సిస్టర్‌ది కామన్ ఎమిటర్, వోల్టేజీ పెంచే రకం. కలెక్టర్‌కి 4.7 కిలోఓమ్ రెసిస్టర్, ఎమిటర్‌కి 1 కిలోఓమ్. ఎమిటర్ దగ్గర 1 వోల్టు, కలెక్టర్ దగ్గర 7.3, అంటే కరెంటు 1 మిల్లీఆంపియర్. అంతా సరే, కానీ గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, 5 లోపే. 100 దాటాలి. 4.7ని 1తో భాగించినంతే వస్తోందంటే, ఎమిటర్ రెసిస్టర్‌ను తప్పించి సిగ్నల్‌కు పక్కదారి ఇచ్చే బైపాస్ కెపాసిటర్ లేనట్టే లెక్క. అది ఎండిపోయినా డీసీ వోల్టేజీలు కదలవు, అందుకే మీటర్‌కు దొరకలేదు.

కొత్త 100 మైక్రోఫారడ్‌ది, ప్లస్ ఎమిటర్ వైపు ఉంచి, పాతదాని కాళ్లకే ఆనించాను. స్పీకర్ ఖంగుమంది. పాతది పీకి చూస్తే అడుగున పచ్చటి చిలుము.

మొదట తీసేసిన ట్రాన్సిస్టర్లు రెండూ టెస్టర్‌లో మంచివే. డబ్బాలో దాచాను.