విండ్‌సర్ఫింగ్ బోర్డు మరమ్మతు, 4వ పాఠం: కదిలిన ఫిన్ బాక్సును తిరిగి కూర్చడం

గత పాఠంలో ఫిన్ బాక్సు (బోర్డు అడుగున ఫిన్ అనే రెక్కను పట్టి ఉంచే గూడు) చుట్టూ పగిలిన పొరను గీకి, లోపలి తడిని పూర్తిగా ఆరబెట్టి, చిన్న ఖాళీలను ఎపాక్సీతో (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో) నింపమని చెప్పాను. ఆ పని చేసినవారిలో కొందరు నింపినది మరునాటికీ మెత్తగానే ఉందని, మరికొందరు కలిపిన గిన్నెలోనే పొగలు వచ్చి బిగుసుకుపోయిందని చెప్పారు. ఈసారి బాక్సునే తీసి కూర్చవలసి ఉంది గనుక, ఈ రెండూ తేలకుండా ముందుకు వెళ్లడం వృథా.

మెత్తదనానికి కారణం చాలాసార్లు తొందరే. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం పాలియెస్టర్ రెసిన్‌తో పనిచేసిన అలవాటు నుంచి వచ్చింది. అక్కడ కొన్ని చుక్కల ఉత్ప్రేరకం చర్యను ప్రారంభిస్తుంది, కాస్త పెంచితే చర్య వేగమూ పెరుగుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ ఉత్ప్రేరకం కాదు, రెసిన్‌తో కలిసి చివరి పదార్థంలో భాగమయ్యే పాలుదారు. ఎక్కువైనది జత దొరక్క లోపలే మిగిలిపోయి మొత్తాన్ని మెత్తగా ఉంచుతుంది. త్వరగా గట్టిపడాలంటే వేగవంతమైన హార్డెనర్‌ను ఎంచుకోవాలి, లేదా గది వెచ్చగా ఉంచాలి. (పాలియెస్టర్‌ను ఈ బోర్డులపై అసలు వాడకండి, అందులోని స్టైరీన్ లోపలి పాలీస్టైరీన్ నురుగును కరిగిస్తుంది.)

ఇందులోనే మరొక ఉచ్చు ఉంది, అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. డబ్బా మీద రాసిన 2:1 నిష్పత్తి ఘనపరిమాణానిదా, బరువుదా అన్నది చదవకుండా త్రాసు మీద పెట్టేస్తారు. రెసిన్ సాంద్రత 1.15, హార్డెనర్ సాంద్రత 0.95 అనుకుంటే, ఘనపరిమాణంలో 2:1 అంటే బరువులో సుమారు 100:41. అంటే 60 గ్రాముల రెసిన్‌కు దాదాపు 25 గ్రాములు చాలు. 30 పోస్తే అయిదోవంతు ఎక్కువ. నేను త్రాసునే వాడతాను, కానీ తయారీదారు ఇచ్చిన బరువు నిష్పత్తితో మాత్రమే.

గోరు దిగేంత మెత్తగా ఉంటే మొత్తం గీకి పారేయవలసిందే, పైన మరో పొర వేస్తే అది బాగుపడదు. పైన జిడ్డు మాత్రమే ఉండి లోపల గట్టిగా ఉంటే, మంచినీటితో రుద్ది కడిగి, ఆరిన తరువాతే సాండ్‌పేపర్ పట్టండి. ఇక పొగ సంగతి: గిన్నెలో కుప్పగా ఉన్న ఎపాక్సీ తన వేడిని బయటికి పంపలేదు. వెడల్పైన పళ్లెంలో పలుచగా పరచుకొని, లోతైన గుంటను రెండు మూడు విడతల్లో నింపండి. లేకపోతే ఆ వేడికి చుట్టూ ఉన్న నురుగు కుంగి గుంట ఇంకా పెద్దదవుతుంది.

బాక్సును కోసి తీయడం వివరించను, రూటర్ (తొలిచే యంత్రం) పట్టినవారికి అది తెలిసిన పనే. బాక్సు బయటి గోడలను 80 నంబరు సాండ్‌పేపర్‌తో గరుకు చేయండి. కూర్చే ముద్దలో సిలికా పొడి, తరిగిన గాజుపీచు కలపండి. మైక్రోబెలూన్లను (బోలుగా ఉండే అతిచిన్న గోళాల పొడిని) తేలికగా గీకవచ్చు గనుక అవి పైపూతకు మంచివే, కానీ ఫిన్ మోసే భారానికి బాక్సు చుట్టూ అవి నలిగిపోతాయి.

ఫిన్‌నే కొలబద్దగా వాడండి. దానికి మైనం రాసి బాక్సులో బిగించండి. ఫిన్ బాక్సుల రకాల్లో పవర్ బాక్సుకు ఒకటి, టటిల్ బాక్సుకు రెండు బోల్టులు బోర్డు పై భాగం నుంచి వస్తాయి, వాటికి గ్రీజు పూసి చేతితో మాత్రమే బిగించండి. అడుగుభాగం సమతలంగా లేనిచోట మూలమట్టం మోసం చేస్తుంది గనుక, ఫిన్ కొస నుంచి రెండు అంచులకూ సమాన దూరం ఉందో లేదో తాడుతో చూడండి. గట్టిపడ్డాక ఫిన్ తీసి, బాక్సు అంచును కప్పుతూ, ఒకదానికంటే ఒకటి వెడల్పుగా రెండు పొరల గాజుగుడ్డ వేసి, ఫిన్ దూరే చీలికను తరువాత కోయండి.

అభ్యాసం: బోర్డును ముట్టకముందే 10 గ్రాముల రెసిన్ చొప్పున మూడు మిశ్రమాలు కలపండి: సరైన నిష్పత్తిలో ఒకటి, హార్డెనర్ 20 శాతం ఎక్కువతో ఒకటి, 20 శాతం తక్కువతో ఒకటి. మరునాడు గోరుతో, వారం తరువాత విరిచి పరీక్షించండి. ఆపై ఒక థర్మోకోల్ దిమ్మెలో చెక్కముక్కను ఇదే ముద్దతో నిలబెట్టండి. 30 సెంటీమీటర్ల ఎత్తులో ఒక మిల్లీమీటరుకు మించి వాలితే తీసి మళ్లీ చేయండి.