తరగతి బ్లాగులో రాత – 4వ పాఠం: వ్యాఖ్య రాయించడం

పోయిన పాఠం తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే: "పిల్లల పోస్టులు మాయమవుతున్నాయి, ఎందుకు?" పిల్లలకు అడ్మిన్ హోదా ఇచ్చి ఉంటారు. గూగుల్ బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో ఆథర్ తన పోస్టునే దిద్దగలడు. అడ్మిన్ ఎవరి పోస్టునైనా తీసేయగలడు. సెట్టింగ్స్‌లో పర్మిషన్స్‌కు వెళ్లి, మీరూ తోటి ఉపాధ్యాయులొకరూ తప్ప అందరినీ ఆథర్లుగా మార్చండి. పోయిన పోస్టుల కోసం ట్రాష్‌లో వెతకండి.

ఒక్కో పోస్టులో అక్షరాలు ఒక్కో సైజులో ఉంటే అది వర్డ్ నుంచి అతికించిన ఫలితం. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే ఉత్త పాఠ్యమే వస్తుంది. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) కొట్టిన పాత మెటీరియల్‌ను మాత్రం యూనికోడ్‌లోకి, అంటే వెబ్‌లో ఎవరైనా చదవగలిగే అక్షరాల్లోకి, మార్చాకే అతికించాలి.

ఇక అసలు పాఠం. కామెంట్ మోడరేషన్‌ను 'ఆల్వేస్' మీద పెట్టండి, అంటే మీరు ఒప్పుకున్నాకే ఏ వ్యాఖ్యైనా బ్లాగులో కనిపిస్తుంది. ఆ తర్వాత మీ ముందుకొచ్చే వరస ఇలా ఉంటుంది: "సూపర్", "బాగుంది రా", మళ్లీ "సూపర్". వీటిని ప్రచురించకండి, ఒక్కటి కూడా. మెచ్చుకోలు తప్పని కాదు. రాసినవాడికి తన పోస్టులో ఏ వాక్యం దగ్గర ఆగాలో అందులో లేదు, అందుకని వాడు దాన్ని మళ్లీ తెరవడు.

తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇలా రాశాడనుకుందాం: "మా ఊళ్లో బోనాలు చాలా బాగా జరిగాయి. అందరూ ఆనందించారు." దీని కింద ఉండాల్సిన వ్యాఖ్య: "'అందరూ' అన్నావు. మీ ఇంట్లో బోనం ఎవరెత్తారు? నువ్వెక్కడున్నావు?" అప్పుడు రెండో రాత ఇలా రావచ్చు: "మా పెద్దమ్మ బోనం ఎత్తుకుంది. నేను వేపకొమ్మ పట్టుకుని ఆమె వెనకే నడిచాను. దీపం ఆరిపోతుందేమోనని దారంతా దాన్నే చూశాను." పిల్లవాడికి కొత్త మాటలేమీ నేర్పలేదు. ప్రశ్న అడిగారంతే.

నియమం రెండు ముక్కలు: పోస్టులోంచి ఒక మాటో వాక్యమో ఎత్తి రాయాలి, దాని మీద ప్రశ్న అడగాలి. అక్షరదోషాలు వ్యాఖ్యల్లో వద్దు, మీరు రాసేవాటిలో కూడా. పదిమంది ముందు వత్తులు దిద్దితే పిల్లలు తెలిసిన చిన్న మాటలతోనే సరిపెట్టుకుంటారు. వాటిని నోటుబుక్కులో దిద్దండి.

ల్యాబ్‌లో కంప్యూటర్లు పది, పిల్లలు నలభై అయితే వ్యాఖ్యను ముందు కాగితం మీద రాయించండి, ఎనిమిది నిమిషాలు చాలు. తెలుగు టైపింగ్‌తో కుస్తీ పడుతూ ఆలోచించమంటే మళ్లీ "సూపర్" దగ్గరికే వస్తారు.

బ్లాగర్ పాత ప్రతిని దాచదు. 'అప్‌డేట్' నొక్కగానే మొదటి రాత పోతుంది, ఏం మారిందో మీకూ తెలియదు, పిల్లవాడికీ గుర్తుండదు. అందుకే మార్చిన వాక్యం పాత రూపాన్ని పోస్టు అడుగున 'ముందు రాసింది' అనే శీర్షిక కింద ఉంచమనండి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత పనికి మార్కులు వేసేటప్పుడు నేను చూసేది ఈ భాగాన్నే.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు ప్రతి విద్యార్థీ మూడు వ్యాఖ్యలు రాయాలి, తనకొచ్చిన వాటిలో ఒకదాన్ని బట్టి పోస్టును తిరగరాయాలి. మీరు కూడా పదిహేను వాక్యాల పోస్టు పెట్టి, పిల్లల ప్రశ్నలు ప్రచురించి, కనీసం మూడు వాక్యాలు మార్చండి. మీ 'ముందు రాసింది' కూడా అడుగున కనిపించాలి.