వానలకు ముందే మీ వీధి ముంపు మ్యాపు సరిచూసుకోండి

బెజవాడలో వరద అనగానే అందరి చూపూ ప్రకాశం బ్యారేజీ మీదికే పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కానీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. కొండపల్లి వైపు, బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడి, నీళ్లు ఊరి మీదికి మళ్లాయి.

కాబట్టి మీ ఇంటికి ముప్పు ఏ నీళ్ల వల్లో ముందు తేల్చుకోండి. నదా, వాగా, చెరువు అలుగా, డ్రైనేజీ వెనక్కి తన్నడమా? ఒక్కోసారి రెండు కలిసే వస్తాయి. కృష్ణ నిండుగా పారుతుంటే డైవర్షన్ కాలువ నీళ్లు అందులోకి సరిగా దిగవు. నదికో మ్యాపు, వాగుకో మ్యాపు విడివిడిగా వేస్తే ఈ ప్రమాదం రెండింట్లోనూ కనబడదు.

మ్యాపు చేతికి రాగానే రంగుల కంటే ముందు తేదీ చూడండి. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే ముంపు మ్యాపులు ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్ పోర్టల్‌లో దొరుకుతాయి. మంచివే. అయితే ఉపగ్రహం పైనుంచి వెళ్లిన సమయానికి నీళ్లు ఎక్కడున్నాయో మాత్రమే అవి చూపిస్తాయి. రాత్రి నడుములోతు వచ్చి తెల్లారేసరికి తీసేసిన వీధి వాటిలో ఉండకపోవచ్చు. ఇళ్లు ఇరుకుగా ఉన్నచోట నీళ్లను పసిగట్టడం ఉపగ్రహానికీ కష్టమే. మన వీధికి రంగు లేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు.

ఆ తేదీ తర్వాత ఏం మారిందో రాసుకోండి. ఎత్తు పెంచిన రోడ్డు, మెరక చేసిన లేఅవుట్, పూడిపోయిన తూము, కొత్త బైపాస్ కట్ట. బెజవాడలో నది ఒడ్డునున్న కృష్ణలంకకు రిటైనింగ్ వాల్ (వరదను ఆపే గోడ) వచ్చాక నది ముప్పు బాగా తగ్గింది, అంటే మార్పు మంచికీ ఉంటుంది. కానీ ఒకరి మెరక పక్కవాడి పల్లం అవుతుందన్నది లేఅవుట్ బ్రోచర్లలో ఎవరూ వేయరు.

ఇక అసలు పని. మే నెలలోనే ఇద్దరు ముగ్గురు వీధి పెద్దల్ని వెంటబెట్టుకుని తిరగండి. గోడల మీద పాత వరద చారలు వెల్ల వేసేలోపే టేపుతో కొలిచి ఫోటో తీయండి. కొలత రోడ్డు మీద నుంచి వద్దు. రేపు ఇంకో పొర తారు వేస్తే లెక్క తప్పుతుంది. గడప నుంచో వంతెన పిట్టగోడ నుంచో కొలవండి. ఏ సంవత్సరం, నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి, ట్రాన్స్‌ఫార్మర్ మునిగిందా అన్నీ రాసి, ఒక కాపీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో, ఇంకోటి ఇరిగేషన్ ఆఫీసులో ఇచ్చి రసీదు అడగండి. నోటిమాటగా చెబితే మ్యాపులోకి ఎక్కదు.

స్థలం కొంటున్నారా? పాత గ్రామ నక్షాలో వాగు ఎక్కడుందో చూడండి. హైదరాబాద్‌లో అందరూ ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) గురించే అడుగుతారు. 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ తర్వాత 30 మీటర్ల బఫర్, అంటే ఇళ్లు కట్టకూడని జాగా ఉంటుంది. అయితే ఎఫ్‌టీఎల్ చెరువు నిండిన గీతే గానీ వరద గీత కాదు. బఫర్ అవతల ఉన్నా, అలుగు నీళ్లు పారే దారిలో ఇల్లు కడితే మునుగుతుంది.

గోదావరి పక్క ఊళ్లకు ఇంకో మాట. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. అవి అందరికీ ఒకటే. అక్కడ ఎన్ని అడుగులుంటే మీ ఊరి రోడ్డు తెగుతుందో మీరే రాసిపెట్టుకోవాలి. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది, మీ పాత లెక్కను ఆ వరదతో ఒకసారి సరిచూడండి. తేలిన అంకెను పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ముసలివాళ్లను, గొడ్లను తరలించాల్సింది ఆ అంకెకు రెండు మూడడుగుల ముందే.