నవల సగంలో ఆగిపోకుండా చివరిదాకా రాయాలంటే

నవల మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదండీ, మొదటి మూడు చాప్టర్లు ఊపులో అయిపోతాయి, తర్వాత ఒకరోజు ఆఫీసులో లేటవుతుంది, ఇంకోరోజు చుట్టాలొస్తారు, అలా పది రోజులు ఫైల్ తెరవకపోతే ఇక దాని జోలికి వెళ్ళాలంటేనే భయమేస్తుంది. నావి రెండు నవలలు సగంలోనే పోయాయి. మూడోది ఉద్యోగం చేసుకుంటూనే పద్నాలుగు నెలల్లో పూర్తి చేశాను, అప్పుడు ఏం మార్చుకున్నానో అదే చెప్తున్నా.

ముందుగా, మీ తర్వాతి పేజీ కోసం ఎదురుచూసే మనిషిని ఒకళ్ళని పెట్టుకోండి. ఒక్కరు చాలు. నాకు మా అక్క. ఆ వారం రాసింది ఎంతైనా సరే ఆదివారం రాత్రికి వాట్సాప్‌లో పంపాలి అని మాటిచ్చా. సోమవారం పొద్దున్నే "ఏరా, ఆ పిల్ల ఇంతకీ బస్సెక్కిందా లేదా?" అని వాయిస్ మెసేజ్ వచ్చేది, నిజంగా చెప్తున్నా, ఆ ఒక్క ప్రశ్న కోసమే రాసిన వారాలు చాలా ఉన్నాయి. అయితే ముందే ఒప్పందం చేసుకోండి, తప్పులు పట్టొద్దు, ఎక్కడ బోర్ కొట్టిందో చెప్పు, తర్వాత ఏమైందో అడుగు, అంతే. సాహిత్యం బాగా తెలిసిన ఫ్రెండ్‌కి మాత్రం సగం డ్రాఫ్ట్ ఇవ్వకండి. నా రెండో నవల అక్కడే ఆగింది, ఆయన చెప్పినవన్నీ కరెక్టే, కానీ నేను మొదటి చాప్టర్ దిద్దుతూ కూర్చుండిపోయి ఇక ముందుకే వెళ్ళలేదు.

ఎదురుచూసే వాళ్ళ కోసం ఇలా విడతలుగా రాయడం మన దగ్గర కొత్తేం కాదు. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రం నవల 1878లో వివేకవర్ధని పత్రికలో విడతలుగా వచ్చిన తర్వాతే పుస్తకమైంది. వీక్లీల కాలంలో కూడా సీరియల్ అంటే వారం తిరిగేసరికి భాగం ఇవ్వాల్సిందే, మూడ్ లేదంటే కుదరదు. విశ్వనాథ సత్యనారాయణ గారైతే ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) నవలల పోటీ కోసం వేయిపడగలు అంత పెద్ద నవలని చెప్తూ పోతుంటే తమ్ముడు రాసుకుంటూ పోయాడు, నెల లోపే అయిపోయింది. ఆయన ప్రతిభ మనకి లేకపోవచ్చు గానీ అక్కడున్న ఏర్పాటు చూడండి, ఒక గడువు, ఎదురుగా కూర్చుని వినే ఒక మనిషి. ఆ రెండూ మనం కూడా ఏర్పాటు చేసుకోగలం. అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టే నవలల పోటీ లాంటిది ఏదైనా ప్రకటిస్తే గడువు తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి, ప్రైజ్ సంగతి తర్వాత.

ఇక రోజుకి ఎంత రాయాలి? ఇంగ్లీషులో నవంబర్ నెలలో 50,000 పదాలు రాసే ఛాలెంజ్ ఒకటి ఉండేది, రోజుకి 1,667 పదాలన్నమాట. ఆ లెక్క తెలుగుకి పెట్టుకుంటే వారంలో చేతులెత్తేస్తారు. మన దాంట్లో "వెళ్ళిపోయిందనుకున్నాను" అనేది ఒకటే పదం, అదే ఇంగ్లీషులో ఆరు పదాలవుతుంది. అందుకే రోజుకి 200 పెట్టుకోండి, వారానికి ఐదు రోజులు, 45 వారాలకి 45,000, అది తెలుగులో చిన్న నవలేం కాదు. టైప్ చేసే ఓపిక లేని రోజు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి చెప్పేయండి, కామాలు రావు, పేర్లు తప్పు పడతాయి, పడనీయండి. మాట్లాడుతూ చెప్తే డైలాగులు మాత్రం మన ఇంట్లో మాట్లాడినట్టే వస్తాయి. ఇంకోటి, సీన్ పూర్తిగా అవ్వకముందే, తర్వాత ఏం రాయాలో తెలిసి ఉన్నప్పుడే ఆపేయండి, రేపు ఖాళీ పేజీ ముందు కూర్చోవాల్సిన పని ఉండదు.

అసలు కష్టం సగం దాటాక వస్తుంది. రాయబుద్ధి కావట్లేదు అని మనం అనుకునేది చాలాసార్లు ఆ సీన్ గురించి మనకేం తెలియకపోవడమే. నా పదిహేడో చాప్టర్ ఆదోని పత్తి మార్కెట్‌లో జరగాలి, ఐదు వారాలు కదల్లేదు, నాలో సరుకు అయిపోయిందేమో అని ఏడుపొచ్చింది. చివరికి ఒక శనివారం పొద్దున్నే వెళ్ళి మార్కెట్ యార్డులో ఒక మూల నిలబడ్డా, వేలం చూశా, హమాలీలతో కలిసి టీ తాగా, ఉదయం నుంచి కూర్చున్న ఒక రైతు తన పత్తిని చేత్తో మాటిమాటికీ విడదీసి చూసుకుంటున్నాడు, అది చూశాక తిరుగు బస్సులోనే నాలుగు పేజీలు వచ్చేశాయి. కాబట్టి ఆగిపోతే ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఆ చోటుకి వెళ్ళండి, ఆ పని చేసేవాళ్ళని అడగండి. వెళ్ళడం కుదరకపోతే ఆ సీన్ వదిలేసి బాగా తెలిసిన ఇంకో సీన్ రాయండి, వరసలో రాయాలని రూలేం లేదు.

ఇవన్నీ చేసినా పది రోజుల గ్యాప్ వస్తుంది, పెళ్ళిళ్ళు, జ్వరాలు, పిల్లల పరీక్షలు, ఎలాగూ వస్తాయి. అప్పుడు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టకండి, చదివితే దిద్దబుద్ధవుతుంది. చివరి పేజీ ఒక్కటి చదివి, దాని కింద ఐదు లైన్లు రాసి, ఆ ఐదు లైన్లే పంపేయండి. నేనొకసారి ఇరవై రోజుల తర్వాత అలా పంపితే మా అక్క ఇన్నాళ్ళు ఏమైపోయావని అడగనే లేదు, "తర్వాత?" అంది.