విజువల్ స్టూడియో కోడ్‌లో రిలీజ్ పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఈ కోడ్ ఎడిటర్‌కు అదనపు సౌకర్యాలు జోడించే ఎక్స్‌టెన్షన్లు మనం అడగకుండానే కొత్త వెర్షన్‌కు మారిపోతాయి కనుక, ముందుగా వాటి లెక్క చూసుకోవాలి.

• టెర్మినల్‌లో కోడ్ కమాండ్‌కు లిస్ట్ ఎక్స్‌టెన్షన్స్, షో వెర్షన్స్ అనే ఆప్షన్లు జోడించి, వచ్చిన జాబితాను టెక్స్ట్ ఫైలుగా గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనం) భద్రపరచాలి. మరోసారి అదే కమాండ్ నడిపి డిఫ్ (పాత, కొత్త జాబితాల మధ్య తేడా) చూస్తే, ఏ పేరు పక్కనున్న అంకె మారిందో ఇట్టే తెలుస్తుంది.

• మారినదాని ఛేంజ్‌లాగ్ (ఏ వెర్షన్‌లో ఏమి మారిందో చెప్పే పట్టిక) చదవాలి. ముఖ్యంగా కోడ్ అమరికను సరిదిద్దే ఫార్మాటర్ మారితే, ఫైలు సేవ్ చేయగానే మనం ముట్టుకోని వరుసలు కూడా డిఫ్‌లోకి వచ్చి పడి, అసలు మార్పు ఏదో రివ్యూ చేసేవారికి కనబడకుండా పోతుంది.

• పాత వెర్షనే కావాలంటే, ఎక్స్‌టెన్షన్ పక్కనున్న గేర్ మెనూలో దానిని ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసి, ఆటో అప్‌డేట్ టిక్కు తీసివేయబడిందో లేదో చూడాలి. అన్నిటికీ శాశ్వతంగా అప్‌డేట్లు ఆపవద్దని నా మనవి. భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి.